మేడ మీద తెర: వేసవి రాత్రుల్లో ఇండీ సినిమాలు ఆరుబయట వేయడం ఎలా

ఆరుబయట సినిమా అనగానే ఏ ప్రొజెక్టర్ తెద్దాం, తెర ఎంత పెద్దది కడదాం అన్న మాటే ముందు వస్తుంది. స్వతంత్ర సినిమాలకు ఈ వరుస పనికిరాదు. చిన్న బడ్జెట్ సినిమాలు చాలావరకు అక్కడ ఉన్న వెలుతురులోనే తీసినవి. పాత్రలు ఇంట్లో మాట్లాడుకున్నట్టు మెల్లగా మాట్లాడతాయి. మాట ఆగిన చోట వినిపించే గాలి చప్పుడు కూడా దర్శకుడు కావాలని ఉంచిందే. పెద్ద నగరంలో కరువైనవి సరిగ్గా ఆ రెండే, చీకటీ నిశ్శబ్దమూ. కాబట్టి ముందు చోటు, తర్వాత సినిమా, ఆ తర్వాతే సామాను. కింది లెక్కలన్నీ వంద మంది ప్రేక్షకులకు, 4 మీటర్ల వెడల్పు తెరకు వేసినవి. మొదటిసారి చేసేవాళ్లు అంతకు మించి పోవద్దు.

చోటు

ప్రదర్శనకు వారం ముందు, సినిమా మొదలుపెట్టాలనుకున్న గంటకే అక్కడికి వెళ్లండి. ఎదురు భవనం మీది ప్రకటన బోర్డు, మనిషి కదిలితే వెలిగే మెట్ల లైటు, పక్క మేడ మీది ఏసీ యంత్రాల హోరు పగలు కనబడవు, వినబడవు. వెంట వెలుతురు కొలిచే లక్స్ మీటరు ఒకటి, శబ్దం కొలిచే డెసిబెల్ మీటరు ఒకటి ఉండాలి. ఫోన్ యాప్ శబ్దానికి ఉజ్జాయింపుగా పనికొస్తుంది గానీ, తక్కువ వెలుతురు దగ్గర దాని లెక్క నమ్మలేం.

లక్స్ మీటరును తెర ఉండబోయే చోట, తెర ముఖం ఎటు ఉంటుందో అటే తిప్పి పట్టుకోండి. థియేటర్లో తెర వెలుగుకు ప్రమాణం చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. మామూలు తెల్ల తెర మీద అంత రావాలంటే ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 150 ల్యూమెన్లు పడాలి, అంటే 150 లక్స్. అదే తెర మీద వీధి దీపం 10 లక్స్ వేస్తోందనుకోండి. నలుపు ఉండాల్సిన చోట కూడా ఆ 10 లక్స్ ఉంటుంది కనుక తెలుపుకీ నలుపుకీ తేడా 16 రెట్లకు పడిపోతుంది. 1 లక్స్ అయితే తేడా 150 రెట్లు. మరింత బలమైన ప్రొజెక్టర్ తెచ్చినా ఈ నష్టం కొంతే పూడుతుంది. ఒక్క దీపాన్ని ఆర్పించగలిగితే అంతకంటే ఎక్కువ లాభం. మీటరు 2 లక్స్ లోపు చూపిస్తే ఏ సినిమా అయినా వేయొచ్చు. 5 దాకా ఉంటే పగటి సన్నివేశాలు ఎక్కువున్న సినిమా ఎంచుకోండి. 10 దాటితే వేరే చోటు వెతకండి. పున్నమి గురించి చాలామంది భయపడతారు గానీ, నిండు చంద్రుడిచ్చేది పావు లక్స్‌కు అటూ ఇటూ మాత్రమే.

తెరను పడమటి వైపు, ముఖం తూర్పుకు ఉండేలా పెట్టండి. పడమటి ఆకాశంలో మిగిలిన వెలుగు అప్పుడు తెర వీపు మీద పడుతుంది. సూర్యాస్తమయం అయ్యాక సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేదాకా బయట ఇంకా 3 లక్స్ పైనే ఉంటుంది. ఉష్ణమండల నగరాల్లో దానికి 22 నుంచి 25 నిమిషాలు పడుతుంది. అసలు సినిమా అస్తమయం తర్వాత 40–45 నిమిషాలకు మొదలుపెడితే క్షేమం. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ఈ వ్యవధి పెరుగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్‌లో సరైన చీకటే పడదు కాబట్టి అలాంటి నగరాల వాళ్లు ఆగస్టు దాకా ఆగాల్సిందే.

శబ్దాన్ని చివరి వరుస ఉండబోయే చోట పది నిమిషాలు కొలవండి. సగటు 55 డెసిబెల్స్ లోపు ఉంటే మంచి చోటు. 60 దాటితే మెల్లని సంభాషణలు అక్కడ బతకవు. అప్పుడు ఉన్న దారులు రెండే: చోటు మార్చడం, లేదా ప్రతి ప్రేక్షకుడికీ వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ఇవ్వడం.

మేడ మీద వేసేట్టయితే ఇంజనీరుతో రాతపూర్వకంగా మాట తీసుకోండి. నివాస భవనాల డాబాలను సాధారణంగా చదరపు మీటరుకు 150–200 కిలోల బరువుకు కడతారు. జనం గుమిగూడే హాళ్లను 400–500 కిలోలకు. వంద మంది వంద చదరపు మీటర్లలో కూర్చుంటే భయం లేదు. సినిమా అయ్యాక అందరూ మెట్ల గది ముందు మూగినప్పుడు బరువంతా ఒక్కచోటే పడుతుంది. అందుకే దిగడానికి రెండు దారులు ఉండాలి. పిట్టగోడ కనీసం 1.1 మీటర్ల ఎత్తు ఉండాలి, కుర్చీలు దానికి 2 మీటర్లు ఎడంగా వేయాలి. స్లాబులో మేకు దించవద్దు. నీరు కారకుండా ఆపే పొర చిరిగితే వానాకాలంలో కింది ఇంటివాళ్లు తడుస్తారు, మరుసటేడు ఆ మేడ మీకు దొరకదు.

స్థల యజమాని, స్థానిక పురపాలక సంస్థ, పోలీసు, అగ్నిమాపక శాఖ అనుమతులు నగరాన్ని బట్టి మారతాయి. ఆరు వారాల ముందు దరఖాస్తు పెట్టండి. ప్రేక్షకులకు దెబ్బ తగిలితే వర్తించే బీమా కూడా అప్పుడే తీసుకోండి.

సినిమా, హక్కులు, ఫైలు

స్ట్రీమింగ్ చందా కట్టినంత మాత్రాన, డిస్కు కొన్నంత మాత్రాన నలుగురికి చూపించే హక్కు రాదు. టికెట్ పెట్టకపోయినా ఇది మారదు. ఇండీ సినిమాల్లో హక్కులు కొన్నిసార్లు దర్శకుడి దగ్గరే ఉంటాయి, కొన్నిసార్లు పంపిణీదారు దగ్గర, కొన్నిసార్లు సేల్స్ ఏజెంటు దగ్గర. దర్శకుడికే ముందు రాయండి. ఎవరిని అడగాలో ఆయనో ఆవిడో చెబుతారు. ఉత్తరంలో తేదీ, స్థలం, ఎంతమంది పడతారు, టికెట్టా ఉచితమా, ఎన్ని ఆటలు, ఇవ్వదలచిన రుసుము అన్నీ మొదటిసారే రాయండి. రుసుము రెండు రకాలుగా కుదురుతుంది: ఇంత అని ఒకే మొత్తం, లేదా కనీస హామీతో టికెట్ వసూళ్లలో వాటా. ఉచిత ప్రదర్శనైనా ఎంతో కొంత ఇవ్వండి. తెర అద్దెకూ కుర్చీల అద్దెకూ బేరం లేకుండా ఇచ్చి, సినిమా తీసినవాళ్లను మాత్రం ఊరికే అడగడం అన్యాయం.

ఇంకొక మాట తప్పక అడగాలి. ఆ సినిమా ఏదైనా ఉత్సవంలో మొదటి ప్రదర్శన కోసం ఎదురుచూస్తోందా? చాలా ఉత్సవాలు ఆ నగరంలోనో దేశంలోనో ముందే బహిరంగంగా చూపిన సినిమాను పోటీకి తీసుకోవు. మీ మేడ మీది ఒక్క ఆట వల్ల వాళ్ల ఏడాది కష్టం పోకూడదు. సెన్సార్ ధ్రువపత్రం అవసరమైన దేశమైతే అది ఉందో లేదో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

ఎంపికలో మా సలహా: మొత్తం నిడివి 100 నిమిషాలు దాటనివ్వవద్దు. లఘుచిత్రాలు వేస్తుంటే పగటి సన్నివేశాలున్నవి, వెలుతురు ఎక్కువున్నవి ముందు, రాత్రి కథలు చివర. ఆకాశం ఇంకా నల్లబడుతూనే ఉంటుంది కాబట్టి ఈ వరుస కథాక్రమం కన్నా ముఖ్యం.

ఫైలు విషయంలో స్పష్టంగా అడగకపోతే మీకు డీసీపీ వస్తుంది. థియేటర్ సర్వర్ల కోసం చేసిన ఆ రూపం సాధారణంగా లినక్స్ డిస్కు మీద వస్తుంది, మామూలు ల్యాప్‌టాప్ దాన్ని చూడనే చూడదు. తాళం వేసిన డీసీపీ అయితే ఫలానా సర్వర్‌లో, ఫలానా గంటల మధ్యే తెరుచుకుంటుంది. ఆరుబయట ప్రదర్శనకు అడగాల్సింది ఇది: 1080పీ, హెచ్.264, 20–30 మెగాబిట్ల వేగం, సబ్‌టైటిళ్లు బొమ్మలోనే ముద్రించి, స్టీరియో శబ్దంతో. 25 మెగాబిట్ల దగ్గర 90 నిమిషాల సినిమా దాదాపు 17 జీబీ అవుతుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చి కాపీ చేయండి. రెండు డ్రైవులు, రెండు ల్యాప్‌టాప్‌లు ఉంచుకోండి.

స్టీరియో అని ఎందుకు పట్టుబట్టాలంటే, ఆరు ఛానెళ్ల మిక్స్‌లో సంభాషణలు దాదాపు పూర్తిగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి. మీ దగ్గర ఎడమ, కుడి స్పీకర్లే ఉండి ప్లేయర్ ఆరింటినీ రెండులోకి కలపకపోతే, సంగీతం హాయిగా వినిపిస్తుంది, మనుషుల మాటలు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంటాయి. ప్రొజెక్టర్ పాడైందనో స్పీకర్ పోయిందనో గంట వెతికినా ఇది దొరకదు. ఫైలు చేతికొచ్చిన రోజే మొదటి నుంచి చివరి దాకా చూడండి. ల్యాప్‌టాప్ నుంచి వెళ్లే సంకేతాన్ని సినిమా వేగానికి సరిపడా 24 హెర్ట్జ్‌కు మార్చండి. 60 దగ్గర వదిలేస్తే కెమెరా పక్కకు తిరిగిన ప్రతిసారీ బొమ్మ కుదుపుతూ కదులుతుంది.

తెర, గాలి

4 మీటర్ల వెడల్పుకు 16:9 తెర ఎత్తు 2.25 మీటర్లు, వైశాల్యం 9 చదరపు మీటర్లు. తెర కింది అంచు నేల నుంచి 1.4 మీటర్ల పైనే ఉండాలి. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను దాదాపు 1.2 మీటర్ల ఎత్తులో, తల అంతకన్నా పైన ఉంటుంది. అంచు తగ్గితే మూడో వరుస నుంచి సబ్‌టైటిళ్లు కనబడవు. ఆఖరి వరుస తెర ఎత్తుకు ఏడు రెట్ల దూరం, అంటే 16 మీటర్లు దాటకూడదు. మొదటి వరుస 5 మీటర్ల దగ్గర మొదలుపెట్టి, వరుసకూ వరుసకూ 90 సెంటీమీటర్లు వదిలితే పన్నెండు వరుసలు పడతాయి. వరుసకు ఎనిమిదో తొమ్మిదో కుర్చీలు, మధ్యలో 1.2 మీటర్ల నడవ.

దుప్పటి కట్టవద్దు. వెలుగులో కొంత దాని గుండా వెనక్కి పోతుంది, వెనక దీపం ముందుకు వస్తుంది. వెలుతురు దూరనివ్వని తెల్లని బ్లాకవుట్ గుడ్డ, లేదా వెనక నల్ల పొర ఉన్న పీవీసీ తెర తీసుకోండి. పీవీసీ మడతలు ఎండలో గంట ఉంచితే సాగిపోతాయి. అంచుల్లో 30 సెంటీమీటర్లకొక కన్నం, ప్రతి కన్నానికీ రబ్బరు తాడు. గట్టి తాడు వాడితే గాలి దెబ్బకు కన్నమే చిరుగుతుంది. రబ్బరు సాగి తిరిగి వస్తుంది.

గాలి లెక్కను తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువ. గంటకు 18 కిలోమీటర్ల గాలి ఈ తెరను దాదాపు 17 కిలోల బలంతో నెడుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు: 36 కిలోమీటర్ల దగ్గర దాదాపు 70 కిలోలు. చట్రానికి ముందూ వెనకా 1.5 మీటర్లు చాచిన కాళ్లు పెట్టి, నాలుగు చివర్లలో 25 కిలోల ఇసుక సంచులు రెండేసి వేయండి. మొత్తం 200 కిలోలు. సంచుల కింద రబ్బరు చాపలు లేకపోతే నున్నటి డాబా మీద చట్రం పడిపోకముందే జారుతుంది. పై మూలల నుంచి తాళ్లు దించి అవే బరువులకు కట్టండి, తాళ్లకు తెల్ల గుడ్డ పీలికలు చుట్టండి, లేకపోతే చీకట్లో కాళ్లకు తగులుతాయి. గాలివేగం కొలిచే చిన్న మీటరు ఒకరి చేతిలో ఉండాలి. విసురు 30 కిలోమీటర్లు దాటితే సినిమా ఆపి తెర గుడ్డ దించేయాలి. ఆ నిర్ణయం ఎవరిదో ముందే పేరు పెట్టి తేల్చుకోండి. ఆ క్షణంలో చర్చ పనికిరాదు.

ప్రొజెక్టర్

9 చదరపు మీటర్లకు థియేటర్ ప్రమాణం రావాలంటే దాదాపు 1,360 ల్యూమెన్లు తెర మీద పడాలి. పెట్టె మీద రాసిన అంకె అత్యధిక ప్రకాశం మోడ్‌లోది. రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్‌లో అది బాగా తగ్గుతుంది, పాత దీపమైతే ఇంకా తగ్గుతుంది. అందుకే 4,000–5,000 ఆన్సీ (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన) ల్యూమెన్లది అద్దెకు తీసుకోండి. ఆన్సీ అన్న మాట లేని అంకెలను లెక్కలోకి తీసుకోవద్దు. వైశాల్యం పెరిగితే ఏమవుతుందో చూడాలంటే స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చలనచిత్రోత్సవం ఉంది. అక్కడి పియాజ్జా గ్రాండే కూడలిలో ఎనిమిది వేల మంది ముందు వేసే తెర 26 మీటర్ల వెడల్పు, 14 మీటర్ల ఎత్తు. ఆ 364 చదరపు మీటర్లకు ఇదే ప్రమాణం కావాలంటే 55 వేల ల్యూమెన్లు పడాలి. తెర మీద మోజుతో వెడల్పు 4 నుంచి 6 మీటర్లు చేస్తే మీ అవసరం కూడా రెండు రెట్లు దాటుతుంది.

ప్రొజెక్టర్ తెరకు ఎంత దూరంలో ఉండాలో తేల్చడానికి త్రో నిష్పత్తి (ఆ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) చూడండి. నిష్పత్తి 1.4–2.2 అని ఉంటే 4 మీటర్ల బొమ్మకు 5.6 నుంచి 8.8 మీటర్ల మధ్య పెట్టాలి, అంటే ప్రేక్షకుల నడుమే. మధ్య నడవలో 1.4 మీటర్ల ఎత్తు బల్ల వేసి, దాని చుట్టూ కుర్చీలు తీసేయండి. నిలబడిన తల కిరణానికి అడ్డం రాకుండా బల్లకు ముందున్న నడవను తాడుతో మూసేయండి. బొమ్మ వంకరగా పడితే కీస్టోన్ జోలికి పోకుండా, లెన్స్‌నే పైకీ పక్కకీ జరిపే లెన్స్ షిఫ్ట్‌తో, బల్ల ఎత్తుతో సరిచేయండి. కీస్టోన్ చిత్రంలోని పిక్సెళ్లనే తగ్గించి సరిచేస్తుంది, వెలుగూ పోతుంది. రాత్రి సన్నివేశాలు మరీ మసకబారితే గామాను (నీడలు ఎంత ముదురుగా పడాలో తేల్చే సెట్టింగు) 2.4 నుంచి 2.2కో 2.0కో తగ్గించండి, నీడల్లోని ముఖాలు తేలతాయి. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిద రంగవుతుంది.

వేసవిలో డాబా స్లాబు రాత్రి తొమ్మిదికి కూడా వేడి కక్కుతూ ఉంటుంది. చాలా ప్రొజెక్టర్ల పరిమితి 35–40 డిగ్రీలు. వేడి గాలి వెళ్లే వైపు అర మీటరు ఖాళీ వదలండి, నడుస్తుండగా ప్లాస్టిక్ కప్పవద్దు. పురుగులు లెన్స్ మీదికి రాకుండా ప్రేక్షకులకు దూరంగా, తెర వెనక మూలన ఒక తెల్ల దీపం వెలిగించి ఉంచండి.

శబ్దం

బయట గోడలు లేవు, కాబట్టి శబ్దం తిరిగి రాదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. స్పీకర్‌కు 1 మీటరు దగ్గర 94 ఉంటే 16 మీటర్ల దగ్గర మిగిలేది 70. సంభాషణ చుట్టుపక్కల శబ్దం కన్నా 12–15 డెసిబెల్స్ పైన ఉంటే అలసట లేకుండా వినొచ్చు, కాబట్టి 55 ఉన్న చోట 70 సరిపోతుంది. సినిమాలో అరుపులు, సంగీతం సంభాషణ కన్నా 20 దాకా పైకి లేస్తాయి. ఆ లెక్కన స్పీకర్ 115 దాకా పగలకుండా మోయాలి. 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు ఆ పని చేస్తాయి. 2 మీటర్ల పైన స్టాండు మీద పెట్టి, ముఖం ఆఖరి వరుస తలల మీదికి కొద్దిగా కిందికి వంచండి.

పక్కిళ్లు దగ్గరగా ఉంటే నాలుగు చిన్న స్పీకర్లు మేలు. రెండో జతను మొదటి జతకు 8 మీటర్ల వెనక పెడితే, ప్రతి జతా సగం దూరమే మోయాలి, మొత్తం మీద 6 డెసిబెల్స్ తగ్గించవచ్చు. రెండో జతకు ఆలస్యం పెట్టడం మరవద్దు. శబ్దం మీటరుకు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 8 మీటర్లకు 23, దానికి మరో 10 కలిపి 33 పెడితే మాట తెర వైపు నుంచే వచ్చినట్టు చెవికి తోస్తుంది. పెట్టకపోతే వెనక వరుసలకు ప్రతి మాటా రెండుసార్లు వినిపించినట్టుంటుంది.

బ్లూటూత్ స్పీకర్లు వద్దు. వాటి ఆలస్యం పెదాల కదలికకూ మాటకూ మధ్య కంటికి తెలిసిపోతుంది. ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్ పక్కనే పెట్టి 2 మీటర్ల హెచ్‌డీఎంఐ తీగ వాడండి. పొడవు 10 మీటర్లు దాటితే మామూలు హెచ్‌డీఎంఐ మధ్యలో చుక్కలు వేస్తుంది, లేదా మాయమవుతుంది. దూరం పోవాల్సింది శబ్దం ఒక్కటే, అది ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకులకు వాడే మూడు పిన్నుల) తీగల్లో 50 మీటర్లైనా శుభ్రంగా పోతుంది. స్పీకర్లలో ఝుమ్మని హోరు వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ల్యాప్‌టాప్ ఛార్జరు, స్పీకర్లు వేర్వేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకోవడమే. అన్నింటినీ ఒకే లైను మీదికి తెచ్చి, ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య డీఐ బాక్సు (ఆ హోరును అడ్డుకునే చిన్న పెట్టె) పెట్టండి. ఛార్జరు తీగలోని ఎర్తు పిన్ను మాత్రం ఎవరు చెప్పినా విరగ్గొట్టవద్దు.

కరెంటు

ప్రొజెక్టర్ 400–500 వాట్లు, స్పీకర్లు సగటున 300, ల్యాప్‌టాప్, మిక్సర్, దారి దీపాలు కలిపి 200. మొత్తం 1 కిలోవాటు. దానికి 2–3 కేవీఏ ఇన్వర్టర్ రకం జనరేటర్ చాలు. గాలి వాలుకు కింది వైపు, నేల మీద, 30 మీటర్ల దూరంలో పెట్టండి. తీగ చుట్టను పూర్తిగా విప్పి పరవండి, చుట్టగా ఉంచి వాడితే లోపలి వేడికి తొడుగు కరుగుతుంది. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపే 30 మిల్లీఆంపుల ఆర్‌సీడీ లేకుండా బయట ఏదీ కలపవద్దు. ప్రొజెక్టర్‌కూ ల్యాప్‌టాప్‌కూ 1 కేవీఏ యూపీఎస్ పెడితే కరెంటు పోయినా సినిమా కొన్ని నిమిషాలు ఆగదు, దీపం చల్లబడకుండా ఆగిపోయి పాడవదు.

ఆ సాయంత్రం

నాలుగు గంటల ముందు సామాను దించండి. పగటి వెలుగులో బొమ్మ కనబడదు కాబట్టి వీలైతే ముందు రాత్రే అమర్చి చూసి, బల్ల కాళ్లున్న చోట టేపు అంటించండి. శబ్దాన్ని ఖాళీ కుర్చీల మధ్య, ఆఖరి వరుసలో కూర్చుని సినిమాలోని అతి మెల్లని సంభాషణతో సరిచూడండి. ఎవరైనా పాట వేసి చూద్దామంటారు. పాట దేనికీ రుజువు కాదు. ల్యాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు, స్క్రీన్ సేవర్, నిద్ర మోడ్, ఇంటర్నెట్ ఆపండి.

మధ్యాహ్నం మూడింటికి వాన గురించి నిర్ణయం తీసుకుని అందరికీ తెలియజేయండి. లోపలి హాలు ఒకటి ముందే అడిగి ఉంచుకుంటే రద్దు చేయక్కర్లేదు. మెరుపు కనబడ్డ 30 సెకన్లలోపు ఉరుము వినబడితే మేడ ఖాళీ చేయించాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా ఎవరినీ పైకి రానివ్వకూడదు.

సినిమా ముగిశాక పేర్లు పూర్తిగా పోనివ్వండి, దీపాలు వేయవద్దు. జీతం లేకుండా పనిచేసినవాళ్ల పేర్లు అవి, చాలామందికి దక్కేది అదొక్కటే. దర్శకుడు వస్తే ప్రశ్నలకు 20 నిమిషాలు, రెండు మైకులు, ముఖం మీదికి ఒక చిన్న దీపం. చాలా నగరాల్లో రాత్రి పదికి మైకు ఆపాలి, సినిమా మొదలు వేళను ఆ గడువు నుంచే వెనక్కి లెక్కించుకోండి. కుర్చీలు ఈడ్చే చప్పుడు మరుసటి ఉదయానికి వదిలేయండి. పక్కిళ్ల ఫిర్యాదులు సినిమా మీద కన్నా దాని మీదే ఎక్కువ వస్తాయి.

రెండు రోజుల్లోపు సినిమావాళ్లకు ఎంతమంది వచ్చారో, టికెట్ లెక్క ఎంతో రాసి, ఒప్పుకున్న డబ్బు పంపండి. ఫైలును రెండు డ్రైవుల నుంచీ, రెండు ల్యాప్‌టాప్‌ల నుంచీ తుడిచేసి ఆ సంగతి కూడా అదే ఉత్తరంలో చెప్పండి.